సిమెంటు కింద ఇనుము

"మద్దినేలకి వచ్చెత్తాను. ఎండు నెత్తళ్ళు ఏపి ఉంచు" అన్నాడు.

"గాలి తిరిగినాది. సూసావా బావా?" అన్నాను.

"సూసేను" అన్నాడు.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన పడవ మీద, నేను జెట్టీ మీద. పోయేవాడు ఆఖరున ఏదో పెద్ద మాట అంటాడని జనం అనుకుంటారు. పరామర్శకి వచ్చినవాళ్ళు కూడా అడిగారు, ఏమన్నాడమ్మా వెళ్ళే ముందు అని. ఆ నెత్తళ్ళ చేపల సంగతి చెబితే బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను. పనిలోకి వెళ్ళే మనిషి పనిలోకి వెళ్ళినట్టే వెళ్ళాడు.

నా పేరు నూకాలు. ఆయన అప్పన్న, మా మేనత్త కొడుకు, అందుకే పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. విశాఖపట్నం హార్బరులో ఒక సరుకు పడవకి ఆయన సరంగు. సరంగంటే పడవ నడిపేవాడు, దాని మీద ఉన్న మనుషులకి పెద్ద. నేను అదే పడవకి తుప్పు కొట్టే మనిషిని. మా సంసారం, మా పని, మా కొట్లాటలు అన్నీ దాని మీదే జరిగాయి.

ఇది రాస్తున్నది నా మేనకోడలు సత్యవతి, మా తమ్ముడి కూతురు. నాకు సంతకం వరకే వచ్చు. నా మాటని పుస్తకంలో ఉండేలా దిద్ది రాస్తానంది, సరే అన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమన్నాను. దాని మొగుడు కిరణ్ సరంగు పరీక్ష పాసయి, చాన్నాళ్ళు ఖాళీగా కూర్చుని, ఇప్పుడు ఒక పాత సరుకు బార్జీ మీద చేరబోతున్నాడు. సోమవారం మొదటి ప్రయాణం, హార్బరు దాటి బయట సముద్రంలోకి. మొన్న ఆ పడవ చూసి మధురవాడలో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే, "అడుగు పొడిగా ఉందత్తా, పువ్వునాగుంది" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. వాడి కోసం చెప్తున్నాను. వాడిలా ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలు విన్నా మంచిదే.

చెరువు పడవ

మా పడవ సముద్రం కోసం పుట్టింది కాదు. ఒడిశాలో చిలకా సరస్సు ఉంది కదా, అందులో ఉప్పు, బియ్యం, వెదురు మొయ్యడానికి చేసిన ఇనుప పడవ. ఆ సరస్సు నీళ్ళు చాలాచోట్ల మనిషి గుండెల దాకానే ఉంటాయట. అందుకని దాని అడుగు పళ్ళెంలా బల్లపరుపుగా చేశారు. ఎంత బరువు వేసినా లోతుకి దిగదు. సరస్సు చుట్టూ రోడ్లు పడ్డాక ఉప్పు లారీ ఎక్కింది, పడవకి పని పోయింది. అలలు లేని నెల చూసి, టగ్గు వెనక కట్టి మన ఊరికి లాక్కొచ్చారు. చిలకా నుంచి వచ్చింది కాబట్టి హార్బరులో అందరూ చిలకమ్మ అనేవారు. కాగితాల మీద ఏం పేరుందో నాకు తెలీదు.

నేను చూసేనాటికే అది ముసలిది. అయినా లోపలి హార్బరులో దానంత మంచి పనిమనిషి లేదు. అక్కడ నీళ్ళు కంచంలో పులుసులా కదలకుండా ఉంటాయి. జెట్టీకి కట్టిన ఓడలకి తాగే నీళ్ళు, కూరగాయలు, బియ్యం, తాళ్ళు, రంగు డబ్బాలు పట్టుకెళ్ళేది. పెద్ద ఓడ పక్కన చిలకమ్మని చూస్తే ఏనుగు పక్కన మేకపిల్ల. కానీ ఆ ఏనుగులు దీనికోసం ఎదురు చూసేవి.

నీళ్ళ గొట్టం పైకి అందించగానే ఓడ మీద కుర్రాళ్ళు ముందు మొహం కడుక్కునేవారు. ఏ దేశం వాడైనా అంతే. చల్లటి నీళ్ళు మెడ మీద పోసుకుని నవ్వేవారు. ఒక వంటవాడు, ఎక్కడివాడో, ఉల్లిపాయలు అందిస్తే నాకు దండం పెట్టాడు. బావకి అవి చూడ్డం ఇష్టం. పని అయిపోయాక కూడా తాడు విప్పకుండా కాసేపు అలా నిలబడేవాడు. "ఏటి సూత్తన్నావు?" అంటే, "దాహం తీరినోడి మొకం" అనేవాడు. అది ఆయన స్వభావం. దాని సంగతి తర్వాత వస్తుంది.

తుప్పు కొట్టడం

మాది పద్మనాభం దగ్గర పల్లె. వరి కోసిన చేతులు మావి. పడవంటే ఏమిటో పెళ్ళయ్యేదాకా నాకు తెలీదు. మొదటి రోజు ఒక చిన్న సుత్తి చేతికిచ్చి, తాళ్ళతో పడవ పక్కన వేలాడదీసిన పలక మీద నన్ను కూర్చోబెట్టారు. కింద నల్లటి నీళ్ళు. ఎదురుగా ఇనుము. తుప్పు మీద సుత్తితో కొట్టాలి, పెచ్చులు రాలాక తీగల బ్రష్షుతో రుద్దాలి, మెరిసే ఇనుము బయటపడ్డాక ఎర్ర రంగు, దాని మీద నల్ల రంగు. ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చేసరికి మొదలుపెట్టిన చోట మళ్ళీ తుప్పు. పడవ బతికున్నంత కాలం ఈ పనికి అంతు లేదు.

హార్బరులో ఒకవైపు నుంచి ఎర్ర దుమ్ము, ఇనప ఖనిజానిది. ఇంకోవైపు నుంచి నల్ల దుమ్ము, స్టీలు ప్లాంటుకి పోయే బొగ్గుది. గాలిని బట్టి మేము ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నల్లగా ఇంటికెళ్ళేవాళ్ళం. ముక్కుకి చెంగు, కళ్ళకి ఏమీ లేదు. నా గొంతు ఇలా గరగరలాడేది ఆ దుమ్ము వల్లే. ఇప్పుడు పిల్లలకి అద్దాలు, ముక్కు గుడ్డలు ఇస్తున్నారు. పెట్టుకోండి. ఉక్కపోస్తోందని తీసి నెత్తి మీద పెట్టుకునేవాళ్ళని చూశాను. నెత్తికి దుమ్ము ఏమీ చెయ్యదు, ఊపిరితిత్తులకి చేస్తుంది.

ఇంకో మాట. తాడు ఉంగరంలా చుట్టుకుని ఉన్నచోట కాలు పెట్టొద్దు. ఎంత చెప్పినా కొత్తవాళ్ళు పెడతారు. ఒక మనిషి పాదం పోవడం నా కళ్ళతో చూశాను. తాడు బిగిసేటప్పుడు అరుపు వినబడదు, తెగిన తర్వాతే వినబడుతుంది.

తుప్పు పని నాకు ఒకటే నేర్పింది. ఇనుము మంచిదైతే సుత్తికి గంటలా పలుకుతుంది. పలచబడితే చప్పగా, తడి అట్టని కొట్టినట్టు ఉంటుంది. ఇందులో నా గొప్పేమీ లేదు, హార్బరులో ప్రతి ఆడమనిషికీ తెలుసు. కాకపోతే సుత్తి తగిలిన చోటే అది చెప్తుంది. తగలని చోట సంగతి ఎవరికీ చెప్పదు.

ఇద్దరు యజమానులు

చిలకమ్మని కొన్న పెద్దాయన నోరు మంచిది కాదు. జెట్టీ మీద అడుగు పెడితే తిట్టుతోనే పెట్టేవాడు. అరటిపండు తొక్క కనిపిస్తే దాన్ని తిట్టేవాడు. ఆయనకి రెండు పట్టింపులు ఉండేవి. ఏడాదికోసారి పడవని ఒడ్డున పట్టాల మీదకి ఎక్కించి, అడుగంతా సుత్తితో కొట్టి చూసి, పలచబడిన రేకు కోసి కొత్తది వేయించాలి. ఆ రోజుల్లో పడవ ఆగిపోయేది, నష్టమే, అయినా చేయించేవాడు. రెండోది, పడవ ఎప్పుడూ కొండ దాటకూడదు. హార్బరు కాలవ సముద్రంలో కలిసేచోట డాల్ఫిన్ నోస్ కొండ ఉంది కదా, అదే మా సరిహద్దు.

"ఒరే అప్పన్నా, ఇది సెరువు పిల్ల. దీన్ని కొండ దాటించేవంటే నీ కాళ్ళిరగ్గొట్టి కాలవలో పారేత్తాను" అనేవాడు. మా ఆయన నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది. మనుషుల్ని ఇలా అంటాడేమిటి అనుకునేదాన్ని.

ఆయన పోయాక అల్లుడు వచ్చాడు. ఆఫీసు ద్వారకా నగర్‌లో, అద్దాల తలుపులు. ఆ బాబు ఎప్పుడూ గొంతు పెంచలేదు. నన్ను అమ్మా అనేవాడు. నాకు జ్వరమొస్తే కబురు పంపి కనుక్కున్నాడు. పండక్కి మిఠాయి డబ్బా వచ్చేది. మేమందరం మురిసిపోయాం. పడవని పట్టాల మీదకి ఎక్కించే రోజులు దగ్గర పడ్డాయని మా ఆయన వెళ్ళి చెబితే, "ఎక్కిస్తే ఎన్నాళ్ళు ఆగిపోతుందో తెలీదు అప్పన్నా. అన్నాళ్ళూ మీరే పని లేక కూర్చోవాలి. నాకు మీ గురించే బాధ. నువ్వే ఆలోచించు, నీ ఇష్టం" అన్నాడట. మా ఆయన ఆలోచించి ఊరుకున్నాడు. మరుసటి ఏడు అడగలేదు.

పిల్లలూ, తిట్టేవాళ్ళందరూ మంచివాళ్ళని చెప్పడం లేదు నేను. తిట్టి చంపేవాళ్ళూ ఉన్నారు. మెత్తగా మాట్లాడాడు కదా అని యజమాని మంచివాడని మాత్రం అనుకోకండి. పడవని పట్టాలెక్కించాడా లేదా, అది చూడండి. ఇంకా "నీ ఇష్టం" అనే మాట దగ్గర జాగ్రత్త. పని చెప్పేవాడు నీ ఇష్టం అన్నాడంటే, తప్పు జరిగితే అది నీది అని ముందే రాసిపెట్టుకున్నాడని అర్థం.

సిమెంటు పెట్టెలు

రేకు మార్చడం ఆగిపోయాక పడవ అడుగున చెమ్మ మొదలైంది. ఒక మేకు దగ్గర చుక్క, ఒక అతుకు దగ్గర ధార. దానికి హార్బరులో అందరూ చేసే వైద్యమే మేమూ చేశాం. కారే చోట గుడ్డ పీలికలు కూరి, చుట్టూ చెక్కలతో చిన్న పెట్టె కట్టి, అందులో సిమెంటు పోస్తాం. త్వరగా గట్టిపడాలని బట్టల సోడా కలుపుతాం. తెల్లారేసరికి చుక్క కూడా రాదు.

మొదట ఒకటి, తర్వాత రెండు. ఆ తర్వాత అడుగంతా అవే. ఎవరు పోస్తే ఆ పెట్టెకి వాళ్ళ పేరు. అప్పన్న పెట్టె, నూకాలు పెట్టె, ఇంజను దగ్గర దేముడి పెట్టె. దేముడంటే మా ఇంజను డ్రైవరు, మా ఆయన్ని బావా అనేవాడు, నన్ను అక్కా అనేవాడు. దసరాకి ఇంజనుకి, చుక్కానికి పూజ చేసేటప్పుడు ఆ పెట్టెలకి కూడా పసుపు రాసి బొట్లు పెట్టేవాళ్ళం. నేనే పెట్టేదాన్ని, వంగి వంగి నడుం పట్టేసేది.

ఒక దసరాకి దేముడు చూసి, "ఇంకో నాలుగు పెట్టెలేసేమంటే ఒడ్డుకి లాగి అద్దికిచ్చేయొచ్చు బావా, స్లాబిల్లే" అన్నాడు.

"ముందు నీ నోటికేత్తాను సిమెంటు" అన్నాడు మా ఆయన.

"అదొక్కటే కారతన్నాది మరి" అన్నాను నేను. అందరం నవ్వాం.

మాకు గర్వంగానే ఉండేది. వేరే బార్జీల అడుగున మోకాలు లోతు నీళ్ళు తోడుతుంటే, మా చిలకమ్మ అడుగున ఆకేసుకుని అన్నం తినొచ్చు. పడవ తనిఖీకి వచ్చిన మనిషి టార్చి వేసి, ఇంత పొడిగా ఏ పడవా చూడలేదని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ రోజు మా ఆయన మీసం దువ్వుకోవడం నాకు గుర్తుంది.

సిమెంటు నీళ్ళని ఆపుతుంది. తుప్పుని ఆపదు. దాని కింద ఇనుముని తుప్పు చీకట్లో, చెమ్మలో, సుత్తి తగలకుండా తినేస్తూనే ఉంటుంది. పైన మేము తుడిచేకొద్దీ, బొట్లు పెట్టేకొద్దీ కింద ఏముందో ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. నిర్లక్ష్యం చేసిన పడవ కారుతుంది, కారితే మనిషి భయపడతాడు. మేము నిర్లక్ష్యం చెయ్యలేదు. అంత బాగా చూసుకున్నాం కాబట్టే మాకు భయం లేకుండా పోయింది. ఈ పనిలో ఇంతకంటే పెద్ద తప్పు నేను చూడలేదు. బద్ధకస్తులు చేసేది కాదు అది. పనిమంతులే చేస్తారు.

దాహం

బయట సముద్రంలో ఒక ఓడ లంగరు వేసి చాన్నాళ్ళుగా ఉంది. దాని యజమాని ఎక్కడో చేతులెత్తేశాడట. ఓడని లోపలికి రానివ్వరు, పోనివ్వరు. అందులో మనుషులు అలాగే ఉండిపోయారు. బయటికి నీళ్ళు మోసే పెద్ద పడవ అప్పుడే మరమ్మతుకి వెళ్ళింది.

అల్లుడుబాబు జెట్టీ షెడ్డుకి వచ్చాడు. ఎప్పుడూ రాడు. నేను పక్కనే బ్రష్షులు కడుగుతున్నాను, దేముడు గుమ్మంలో ఉన్నాడు.

"అప్పన్నా, బయట ఓడలో నీళ్ళు అయిపోయాయట. పాపం" అన్నాడు.

"మనది సెరువు పడవ బాబూ. కొండ దాటదు."

"నేను వెళ్ళమనడం లేదు. అడుగు పొడిగానే ఉంది కదా అని అడిగాను. నీ ఇష్టం."

అని చెప్పి, ఓడలతో మాట్లాడే వాకీటాకీ బల్ల మీద పెట్టాడు. గరగరమని చప్పుడు వచ్చి, అందులోంచి మన మాట వినబడింది. హిందీ కాదు, ఇంగ్లీషు కాదు. మన మాట.

"ఎవురక్కడ? తెలుగోలేనా?"

మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "తెలుగోలమే. నీదే ఊరు నాన్నా?"

"సోంపేట కాడ. సిన్నాన్నా, ఏసీ కాడ కారిన నీళ్ళు పట్టుకుని తాగతన్నాం. ఇప్పుడదీ నేదు, డీజిలైపోనాది. పడవేదైనా ఉంటే రమ్మను."

మా ఆయన వాకీటాకీ నెమ్మదిగా బల్ల మీద పెట్టి, నీళ్ళ కుండ దాకా వెళ్ళి, గ్లాసు ముంచి, తాగకుండా మళ్ళీ కుండలో పోసేశాడు. అల్లుడుబాబు అది చూశాడు. ఇంకేమీ మాట్లాడకుండా కారెక్కాడు. మాట్లాడాల్సిన అవసరం లేదని అతనికి తెలుసు.

ఇంటికి నడుస్తూ నేను వద్దన్నాను.

"నీళ్ళడిగినోడికి నేదని సెప్పి, నాను ఎలగ తాగను నూకాలూ?"

"మరి పడవ మాటేటి?"

"పొద్దున్న అడుగు తుడిసింది నువ్వే గదా. సుక్కుందా?"

"నేదు."

"మరింకేటి."

నిజంగానే చుక్క లేదు. ఇన్నేళ్ళూ ఎవరైనా పడవ ఎలా ఉందంటే మేము చెప్పింది అదే కదా.

ఆయన వెళ్ళడం తప్పని నేను ఈ రోజుకీ అనను. దాహమన్న వాళ్ళకి నీళ్ళు పట్టుకెళ్ళాడు. పట్టుకెళ్ళిన పడవ తప్పు. ఒక్క పెట్టె పగలగొట్టి కింద చూసుకుని ఉంటే ఆయనే వెళ్ళేవాడు కాదు. అప్పుడు వేరే దారి వెతికేవాళ్ళం. ఓడలకి దారి చూపే పైలట్లని మోసే లాంచీలు రోజూ బయటికి వెళ్ళివస్తాయి. డ్రమ్ముల్లో నీళ్ళు పోసి వాటి మీద వేస్తే ఆ కుర్రాళ్ళకి దాహం తీరేది. ఇది నాకు తర్వాత తట్టింది. ఆ రోజు ఎవరికీ తట్టలేదు. పడవ ఉంది కాబట్టి పడవే వెళ్ళాలి అనుకున్నాం.

ఆ రోజు

ఎప్పుడూ నేను కూడా పడవ మీదే వెళ్ళేదాన్ని. ఆ రోజు బయట ఊగుతుందని ఆయన నన్ను ఎక్కనివ్వలేదు. ఆయన, దేముడు ఇద్దరే వెళ్ళారు. ఇక్కడి నుంచి చెప్పేదంతా దేముడు నాకు చెప్పింది.

వెళ్ళేటప్పుడు ఏమీ కాలేదట. కడుపు నిండా నీళ్ళు ఉన్నాయి కాబట్టి చిలకమ్మ బరువుగా, నిదానంగా వెళ్ళింది. గొట్టం పైకి అందించారు. ఓడ మీద మనుషులు బట్టలతో సహా నీళ్ళ కింద నిలబడ్డారట. బావ తాడు విప్పకుండా కాసేపు చూశాడట.

తిరుగు దారిలో పడవ ఖాళీ. గాలి దక్షిణం నుంచి పెరిగింది, పెద్ద అలలు వెనక నుంచి వచ్చాయి. బల్లపరుపు అడుగు కదా, అల మీదకి లేచి చాపలా కొట్టుకుంది. ఇనుము వంగి మళ్ళీ సర్దుకోగలదు. సిమెంటు వంగదు. కింద నుంచి కుండ పగిలినట్టు చప్పుడు వస్తే దేముడు పరుగెత్తుకెళ్ళి చూశాడు.

"పసుపు, బొట్టుతో పెట్టికి పెట్టి లేసొచ్చెత్తన్నాది అక్కా" అన్నాడు వాడు, నా కాళ్ళ దగ్గర కూర్చుని. "లేసిన కాడ రేకు నేదు. ఇనువే నేదు. ఎప్పుడు పోనాదో పోనాది. మనం ఇన్నాళ్ళూ నిలబడ్డది సిమెంటు మీదే."

ఇంజను ఇంకా నడుస్తోంది. ఎదురుగా హార్బరు నోరు. మామూలుగా అయితే నేరుగా లోపలికి వెళ్ళిపోవాలి, లోపల నీళ్ళు నిలకడగా ఉంటాయి. కానీ సగం దారిలో మునిగితే సరిగ్గా ఓడలు నడిచే కాలవలో మునుగుతుంది. హార్బరు మూతపడుతుంది. బావ దేముడికి లైఫ్ జాకెట్ వేయించి, ప్రమాదం చూసి దగ్గరికొచ్చిన లాంచీలోకి దూకమన్నాడు. "నువ్వు బావా?" అని వీడంటే, "దీని మూతి పక్కకి తిప్పి వచ్చెత్తాను" అన్నాడట. తిప్పాడు. పడవ కాలవకి దూరంగా వెళ్ళి, అక్కడ మునిగింది. చుక్కాని గది తలుపు అలల ఒత్తిడికి తెరుచుకోలేదని లాంచీ వాళ్ళు అన్నారు. ఆయన మర్నాడు దొరికాడు.

తర్వాత విచారణ జరిగింది. సరంగు తన ఇష్టం మీద వెళ్ళాడు, ఎవరూ వెళ్ళమనలేదు అన్నారు. మాటల వరకు అది నిజమే. దేముడు నోరు తెరిచి అడ్డం చెప్పాడు, కానీ నీ ఇష్టం అన్న మాటలో బలవంతం ఎక్కడుందో చూపించలేకపోయాడు.

ఆ ఓడ మనుషుల్ని విడిపించాక సోంపేట అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో కూర్చున్నాడు, లోపలికి రానన్నాడు. "నీళ్ళు బాగున్నాయా నాన్నా?" అని అడిగాను.

"బాగున్నాయి పిన్నీ" అని తల దించుకున్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. వాడు బతకడం నాకు సంతోషమే. ఆ రెండూ ఒకే గుండెలో ఎలా పట్టాయని అడగొద్దు.

కిరణ్‌కి

నిన్న నిన్ను అడిగాను, ఆ బార్జీలో కాలి కింద ఉన్నది ఇనుమా, సిమెంటా అని. నవ్వావు. "సిమెంటు నేని పాత బార్జీ ఎక్కడుంటాదత్తా? అందరూ నడపట్లేదా?" అన్నావు. నువ్వు వద్దంటే ఇంకొకడు చేరిపోతాడన్నావు. నాకు భయం లేదన్నావు. నీకు భయం లేదని నాకు తెలుసు నాయనా. మీ మావకీ లేదు. అందుకే నాకు నిద్ర లేదు.

నేను నిన్ను పని మానమనడం లేదు. ఎన్నాళ్ళు ఖాళీగా తిరిగావో, సత్యవతి ముందు ఎన్నిసార్లు తల దించుకున్నావో చూశాను. చేరు. కానీ తాడు విప్పకముందే సుత్తి పట్టుకుని అడుగుకి దిగు. వాళ్ళు చూపించిన పెట్టె కాదు, నీకు నచ్చిన పెట్టె పగలగొట్టు. కింద ఇనుము ఉండి, గంటలా పలికితే, మళ్ళీ సిమెంటు పోసుకుని హాయిగా వెళ్ళు. నేనే కొబ్బరికాయ కొడతాను. పగలగొట్టనివ్వకపోతే, పడవ దిగి ఇంటికి రా. నీ కంచం ఇక్కడే ఉంటుంది. నువ్వు పిరికివాడివని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు.

నీ ఇష్టం అని ఆ ఆఫీసు మనిషి అంటే, "నా ఇష్టం కాదండి, మీరు వెళ్ళమనండి, ఇంతమంది ముందు అనండి" అని నిలబడు. అనడు. అప్పుడు నీకే తెలుస్తుంది.

నాకు చెప్పడం ఇంతే వచ్చు. సత్యా, దేముడి మాట దగ్గర నీ చెయ్యి ఆగిపోయింది, చూశాను. రాశావో, కష్టంగా ఉందని వదిలేశావో నాకు తెలీదు. కాగితం మీద నాకు గీతలే కనిపిస్తాయి. కళ్ళు తుడుచుకుని మొదటి నుంచి చదివి వినిపించు, ఏదీ దాటెయ్యకుండా. మెల్లగా కాదమ్మా, గట్టిగా. ముందు వెళ్ళి కిరణ్ గది తలుపు తీసి రా, అప్పుడు చదువు.